మధ్యధరా తీరాన నవనందులు

మా బావకు ఊరు చూడటమంటే ఊరిని దాటడం. ఈ విద్య ఆయనకు నంద్యాల చుట్టూ ఉన్న నవనందుల దగ్గర అబ్బింది. కార్తీకంలో పొద్దు పొడిచాక బయల్దేరి పొద్దు గుంకేలోపు తొమ్మిది నంది గుళ్లూ చుట్టి రావడం మా వైపు ఆచారం. అందరూ భక్తిగా చుట్టి వస్తారు. మా బావ పందెం కాసినట్టు చుట్టి వస్తాడు. మనం నంది చెవిలో చెప్పిన కోరిక నంది కడుపులోకి దిగకముందే ఆయన జీపు హారన్ మోగిస్తుంటాడు. మిట్టమధ్యాహ్నానికల్లా తొమ్మిదీ ముగించి, ఆళ్లగడ్డలో తన సిమెంటు అంగట్లో కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు.

"దర్శనం ఎట్లయింది బావా?" అని అడిగితే, "పోయినేటి కంటే బిర్నా అయిపాయ" అంటాడు. దేవుడు ఎట్లున్నాడో ఇంతవరకూ చెప్పలేదు.

అటువంటి మనిషి మమ్మల్ని మధ్యధరా సముద్రం ఒడ్డుకు తీసుకుపోయాడు.

కారణం సముద్రం కాదు, ఫ్లెక్సీ. బావ అంగడికి ఎదురుగా టైల్స్ అంగడి ఉంది. ఆ అంగడాయన భార్యతో స్విట్జర్లాండు పోయొచ్చి, ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించాడు. మంచులో ఆయన, మంచులో ఆమె, మంచులో ఇద్దరూ. దాని కింద నుంచి రోజూ అంగడికి పోయి రావాల్సిన ఖర్మ మా బావది. ఆ మంచు ఈయన కడుపులో మంట పెట్టింది.

"స్విట్జర్లాండు అయిపాయ. మధ్యధరా ఇంకా ఎవురూ పట్టలేదు" అన్నాడు ఒకరోజు మా ఇంటికొచ్చి, ఖాళీ ప్లాటు గురించి చెప్పినట్టు. వానాకాలం సిమెంటు వ్యాపారం మందకొడి కాబట్టి అప్పుడే పోవాలన్నాడు. అక్కా, ఆయనా, నేనూ, మా ఆయనా. నేను నంద్యాల డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను, అక్కడి కోటల సంగతి నాకు తెలుసు కాబట్టి నేను కావాలి. మా ఆయన కరెంటు శాఖలో ఇంజనీరు, ఫోన్లో మ్యాపు చూడటం వచ్చు కాబట్టి ఆయన కావాలి. మా ఆయన నా మాట అయిపోయాక మాట్లాడదామని పెళ్లైన కొత్తలో నిర్ణయించుకున్నాడు. ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు.

అక్క అడిగింది మాత్రం ఒక్కటే. పాస్‌పోర్టు ఫోటో దిగడానికి పోయినరోజు, స్టూడియోలో తల దువ్వుకుంటూ అడిగింది.

"ఒగ మాట చెప్పు. నన్ను సముద్రంలో కూసోనిస్తావా?"

"ఆడంతా సముద్రమే గదమే" అన్నాడు బావ. "కార్లోనుంచి యాడ కాలు బయటపెట్టినా సముద్రమే."

ఇది వినడానికి చిన్న కోరిక. మా అక్క ఇంతవరకూ సముద్రంలో కాలు పెట్టలేదు. ఒకసారి సూర్యలంక దాకా పోయారు. అలల చప్పుడు వినపడేంత దగ్గరకు వచ్చాక, సిమెంటు లోడు వచ్చి నిలబడిందని ఫోను వస్తే బావ బండి వెనక్కి తిప్పాడు. ఇంకోసారి మద్రాసు పోతే వాన. ఇప్పుడేమో రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మేము తిరిగొచ్చిన నెలలోనే కర్నూల్లో ఆపరేషను, మోకాళ్లు మార్చడానికి డాక్టరు తేదీ ఇచ్చేశాడు. మార్చాక నేల మీద కూర్చోకూడదట. అంటే సముద్రంలో కూర్చోవాలంటే అక్కకు మిగిలిన అవకాశం ఈ ప్రయాణమే. సముద్రాన్ని చూడాలని కాదు, ఫోటో దిగాలని కాదు. కూర్చోవాలి. అదొక్కటే.

ఫ్రాన్సులోని నీస్ విమానాశ్రయంలో అద్దె కారు తీసుకున్నాం. బావ ఆళ్లగడ్డ నుంచి తెచ్చిన నిమ్మకాయలు నాలుగు టైర్ల కింద పెట్టి తొక్కించాడు. కారు ఇచ్చిన పిల్లోడు టైరు కింద కారుతున్న రసం చూసి పరిగెత్తుకుంటూ వచ్చాడు. వాడికి మా ఆయన ఇంగ్లీషులో ఏం చెప్పాడో తెలియదు గానీ వాడు మా అందరికీ నమస్కారం పెట్టాడు. ఆ దేశంలో కుడివైపు నడపాలి. బావ అస్సలు ఇబ్బంది పడలేదు. ఆళ్లగడ్డలో ఎడమ, కుడి అన్న పట్టింపు ఎప్పుడుండింది కనుక?

కాన్ ఊరి బయట గది తీసుకుని, మరునాడు పొద్దున్నే బయల్దేరాం. అప్పుడు తెలిసింది ఆయన పథకం. కాన్‌లో మొదలుపెట్టి, తీరం వెంబడి ఇటలీలోని సాన్‌రేమో దాకా తొమ్మిది ఊళ్లు, ఒక్క రోజులో, పొద్దు గుంకేలోపు.

"తొమ్మిదేంది బావా? ఎవరు చెప్పినారు తొమ్మిదని?"

"నవనందుల లెక్క మరదలా. కాన్ ప్రథమ నంది. నడుమ మొనాకో ఉండాది సూడు, అది మహానంది లెక్క. ఆడ కొంచెం ఎక్కువసేపు ఆపుతా."

కారు వెనక అద్దం దగ్గర పొడుగ్గా చుట్టిన వస్తువు ఒకటి ఉంది. చాప అనుకున్నాను. విప్పితే ఫ్లెక్సీ. ఊర్లో ముందే కొట్టించి తెచ్చాడు. 'మధ్యధరా నవనగర దిగ్విజయ యాత్ర' అని బంగారు రంగు అక్షరాలు, బారెడు బావ ముఖం, మూలన పోస్టు బిళ్లంత అక్క ముఖం. ప్రతి ఊర్లోనూ దీన్ని పట్టుకుని ఫోటో దిగాలట.

"యాత్ర కాకముందే దిగ్విజయమా?" అన్నాను.

"ప్రెస్సోడు నాకు తెలిసినోడు. సీజన్లో రద్దీగా ఉంటాడని ముందే కొట్టించినా" అన్నాడు, అడిగింది అదే అన్నట్టు.

కాన్‌లో ఏటా జరిగే సినిమా పండక్కి తారలు నడిచే మెట్లున్నాయి. మేము పోయినప్పుడు వాటి మీద తివాచీ కూడా లేదు. అయినా మా ముందు బారెడు వరస. ఖాళీ మెట్లెక్కి, కెమెరా వైపు తిరిగి, లేని జనానికి చేయి ఊపి దిగుతున్నారు. నేను మా బావను చూసి సిగ్గుపడాలనుకుంటూనే ఆ వరసను చూశాను. లోకంలో ఆళ్లగడ్డ ఒక్కటే లేదని అర్థమైంది. బావ ఎక్కాడు, ఫ్లెక్సీ విప్పాడు, దిగాడు. రోడ్డుకు అవతలే ఇసుక, నీళ్లు. నీళ్ల దాకా పరుపు కుర్చీలు వరసగా వేసి అద్దెకిస్తున్నారు. వాటి మీద పడుకున్నవాళ్లు సముద్రానికి వీపు పెట్టి, ఎండకు ముఖం పెట్టి కళ్లు మూసుకున్నారు.

అక్క చెప్పు విడవబోయింది.

"ముందర ఇంకా మంచిది ఉండాదంట. ఎక్కుమే" అన్నాడు బావ.

ఆంటీబ్‌లో సముద్రం ఒడ్డున పాతకాలం కోట గోడ. ఆ గోడ కథ చెబుదామని నోరు తెరిచాను. "కోట గదా. గండికోట చూసినాం గదా" అని బావ నా నోరు మూసేశాడు. ఓడల రేవు మాత్రం నిలబడి చూశాడు. మా కాలేజీ భవనమంత పడవలు తెల్లగా వరసగా కట్టేసి ఉన్నాయి. ఆ పడవల వెనక భాగం ఒడ్డుకు ఆనుకుని ఉంటుంది. యజమానులు అక్కడే బల్లలు వేసుకుని తింటూ, తాగుతూ, ఒడ్డున నడిచే మా లాంటి వాళ్లను చూస్తుంటారు. మేము వాళ్లను చూస్తాం. వెనక పాపం అంత సముద్రం ఒంటరిగా ఉంటుంది. కోట్లు పోసి పడవ కొని, కట్టేసి, కదలకుండా దాంట్లో కూర్చుని జనానికి కనపడటం. ఇది నీళ్ల మీద కట్టిన ఫ్లెక్సీ కాకపోతే ఏమిటి? ఈ మాట పైకే అన్నాను. బావ విన్లేదు. ఒక పడవ ముందు నిలబడి, అది తనదే అన్నట్టు తాడు మీద చేయి వేసి ఫోటో దిగుతున్నాడు.

నీస్‌లో ఒడ్డంతా గుండ్రాళ్లు. బాగున్న మోకాళ్లకే కష్టం. అక్క రెండడుగులు వేసి, నా భుజం పట్టుకుని, నీళ్ల వైపు చూసి వెనక్కి తిరిగింది. ఆమె ఏమీ అనకపోతేనే నాకు మండిపోతుంది. మా ఇంట్లో ఇద్దరి నోరూ నాకే ఇచ్చారు.

విల్‌ఫ్రాన్ష్ దగ్గర బావ కారే ఆపలేదు. పైన కొండ రోడ్డు మీద పోతూ, కింద లోయలో ఊరు కనపడగానే, "అదో, అయిపాయ, నాలుగు" అన్నాడు.

"అదెట్లయింది? దిగలేదు, తొక్కలేదు!"

"గోపురం దర్శనం చేసుకున్నట్లే గదా."

"నవనందుల్లో జీపులోంచే దండం పెట్టి పోతావా నువ్వు?"

"సోమనందికాడ రెండుసార్లు అట్లనే పోయినా. నంది ఏమనలేదే."

"నంది ఏమనలేదంటే రాయి కాబట్టి. మేము మనుషులం బావా."

"మీరు అంటాండారు గదా, సాలదా? ఇంగ గమ్మునుండు మరదలా, మలుపులుండాయి." మా ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా, "ముందర కుడికి" అన్నాడు. ఎవరి పక్షమూ పట్టకుండా అందరికీ పనికొచ్చే మాట అనడం ఆయనకు బాగా తెలుసు.

అయిదోది ఏజ్. కొండ కొమ్మున రాళ్లతో కట్టిన పాత ఊరు. కారు కింద ఆపి, మెట్లు ఎక్కాలి. అక్క ఎక్కలేదు. మగవాళ్లిద్దరూ ఫ్లెక్సీ చంకలో పెట్టుకుని ఎక్కారు. నేను అక్కతో ఉండిపోయాను. బెంచీ మీద కూర్చుని పొద్దున కలుపుకొచ్చిన చింతపండు పులిహోర డబ్బా విప్పాం. కింద చాలా దూరంలో సముద్రం. అంత నీలం నేను ఎప్పుడూ చూడలేదు. ఎగతాళి చేద్దామంటే మాట దొరకలేదు. నాకు మాట దొరకకపోవడం మా ఇంట్లో వాళ్లెవరూ నమ్మరు.

"కేసీ కాలవలో నిలబడిన మోకాళ్లు మ్మే ఇవి" అంది అక్క, చీర మీంచి వాటిని రుద్దుకుంటూ. "నాయన మడికి నీళ్లు కడుతుంటే నేను కాలవలో దిగి గట్టు తెంపుతాంటి. నువ్వు గట్టుమీద బుక్కు పట్టుకోని కూసుంటాంటివి."

"ఆ బుక్కు పట్టుకోబట్టే నీకీపొద్దు కోటల పేర్లు చెబుతాండా."

"చెప్పనిస్తే గదా మీ బావ." నవ్వింది. తర్వాత, "ఆ కాలవ నీళ్లు యాడికి పోతాయి నాయనా అంటే, సముద్రానికి పోతాయమ్మా అంటాండె. అప్పట్నుంచి సూడల్లని. ఇవి నా మోకాళ్లు. రేపు పెట్టేటివి నావి కావు. నావి ఉండంగనే ఆడ కూసోని రావల్ల" అంది.

"అయితే గట్టిగా అడగొచ్చు కదా అక్కా!"

"అడిగితినే. అంతా సముద్రమే అనె."

మగవాళ్లు దిగొచ్చారు. పైన తోట ఉందట, సెంటు అమ్ముతున్నారట, గాలికి ఫ్లెక్సీ ఎగిరి ఒక జర్మనీ ఆయన ముఖానికి చుట్టుకుందట. ఫోటోలో మా బావ ముఖం, దాని కింద జర్మనీ ఆయన కాళ్లు వచ్చాయి. బావ దాన్ని తీసేయలేదు. లెక్కలోకి వస్తుంది కదా!

ఆరోది మొనాకో, మహానంది. కారు కొండ లోపల ఎక్కడో పాతాళంలో పెట్టి, లిఫ్టెక్కి పైకొచ్చాం. జూదశాల ముందు ఖరీదైన కార్లు నిలబెట్టి ఉన్నాయి. వాటి చుట్టూ జనం ప్రదక్షిణం చేస్తున్నారు. అబద్ధం కాదు, నిజంగానే చుట్టూ తిరుగుతున్నారు. ఒకామె ఒక కారు బానెట్టు ముట్టుకుని, ఆ చేత్తోనే జుట్టు సర్దుకుంది. కళ్లకద్దుకున్నట్టే అనిపించింది నాకు. బావ మురిసిపోయి ఫ్లెక్సీ పూర్తిగా విప్పాడు. ఒక కొస ఆయన, ఒక కొస మా ఆయన. తెల్లటి చేతి తొడుగులు వేసుకున్న పోలీసాయన ఒకడు నడిచొచ్చి, చాలా మర్యాదగా, ఇక్కడ నిరసనలకు అనుమతి లేదన్నాడు.

"ఏమంటాండాడు తమ్ముడా?"

"ధర్నా చేయకూడదంట అన్నా."

"ధర్నానా? సంతోషంగా ఉండామని చెప్పు."

మా ఆయన చెప్పాడు. పోలీసాయన ఫ్లెక్సీ మీద బారెడు ముఖాన్నీ, ఎదురుగా ఉన్న ముఖాన్నీ మార్చి మార్చి చూసి, ఎన్నికల్లో నిలబడుతున్నారా అని అడిగాడు. నేను అడ్డుపడి అవునని చెప్పాను. ఆయన సెల్యూట్ కొట్టాడు. బావకు ఇప్పటికీ ఆ సెల్యూట్ ఎందుకో తెలియదు, మొనాకో మంచి ఊరని మాత్రం అందరికీ చెబుతాడు.

ఏడోది మాంతో, ఫ్రాన్సు చివరి ఊరు. దాటితే ఇటలీ. పసుపు, గులాబీ రంగుల ఇళ్లు కొండ మీద ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టు ఉంటాయి. ఊరంతా నిమ్మకాయలు. బావ కళ్లు మెరిశాయి. "ఇటలీలోకి పొయ్యేముందు టైర్లకింద పెట్టొచ్చు" అన్నాడు. సముద్రం పక్కనే కారు ఆపి, మా ఆయన్ను వెంటబెట్టుకుని, నిమ్మకాయలకూ ఫోటోకూ కలిపి పోయాడు. "బిర్నా వస్తాం. మీరు దిగాకండి. ఇంగా రెండుండాయి, పొద్దు వాలుతాండాది" అని హెచ్చరించి మరీ పోయాడు.

కారు పక్కనుంచే ఏటవాలు దారి ఒకటి ఒడ్డుకు దిగుతోంది. దాని చివర సన్నటి ఇసుక. అక్క దాన్ని చూసింది. నన్ను చూసింది. నేను తలుపు తీశాను.

ఆమె చెప్పులు నేను పట్టుకున్నాను. నా భుజం ఆమె పట్టుకుంది. గుడ్డపేలికలంత బట్టల్లో ఎండకు పడుకున్న ఆడవాళ్ల మధ్య నుంచి, ఆరుగజాల ధర్మవరం చీరలో మా అక్క నడిచింది. వాళ్లు ఆమెను వింతగా చూశారు. ఆమె వాళ్లను చూడనే లేదు. నీళ్లు పాదాలకు తగిలాయి, చీలమండలు దాటాయి, మోకాళ్లకు వచ్చాయి. అక్కడ ఆగి కాసేపు నిలబడింది. తర్వాత నా రెండు చేతులూ పట్టుకుని, నొప్పికి పళ్లు బిగించి, మెల్లగా, మెల్లగా కూర్చుంది. నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. చీర చుట్టూ పొంగి గొడుగులా లేచింది.

"ఉప్పగుండాయి మ్మే!" అంది, ఎవరూ చెప్పని సంగతి కనిపెట్టినట్టు.

పక్కనే నీళ్లలో కూర్చుని ఉన్న ఫ్రెంచి ముసలామె ఏదో అంది. అక్క తన మోకాలు తట్టి చూపించింది. ఆమె నవ్వి తన మోకాలు నీళ్లపైకి ఎత్తి చూపించింది. నిలువునా ఆపరేషను గాటు. "సూసినావా, ఈమె మార్పిచ్చుకున్యాది" అంది అక్క నాతో. ఆమెతో, "నొప్పుండాదా అమ్మా?" అంది. ఆమె ఫ్రెంచిలో పెద్ద సమాధానం చెప్పింది. అక్క "అవునవును, వానపడితే లాగుతాది" అంది. ఇద్దరికీ మధ్య తేడా ఏమీ రాలేదు. నేను అంత చదువుకుని ఆ దేశంలో కాఫీ కూడా సరిగ్గా అడగలేకపోయాను.

అప్పుడు ఒడ్డు మీంచి కేక.

"మే! ఏందిమే ఇది! రా! ఇంగా రెండుండాయి!"

బావ రెండు చేతుల్లో నిమ్మకాయలు.

"నువ్వు పోయి రాప్పా" అంది అక్క, తిరగకుండానే. "ఆ రెండింటికీ నా దండం గూడా పెట్టి రా."

"తొమ్మిదీ చూడకుంటే లెక్క పూర్తి కాదు!"

"ఏం లెక్క బావా?" నేను నీళ్లలోంచే అందుకున్నాను. "ఇక్కడ నంది లేదు, కార్తీకం లేదు. ఎవడు పెట్టినాడు ఈ లెక్క?"

"నువ్వు ఊరుకో మరదలా! ఫ్లెక్సీ మీద నవనగర అని కొట్టిచ్చినాం. ఊర్లో జనం ఎంచరా? ఏడే వస్తే నగుబాటు గాదా? ఆ టైల్సోడు నగడా?"

అక్క అప్పుడు తిరిగింది. గొంతు పెంచలేదు.

"పెండ్లయినకాడి నుంచి నువ్వు ఎక్కుమే అంటే ఎక్కినా, దిగుమే అంటే దిగినా. తొమ్మిది నందులూ జీపు దుమ్ములోనే సూసినా. సూర్యలంకలో సప్పుడు విని వెనక్కొచ్చినా. ఈపొద్దు నేను ఎక్కను. పొద్దు గుంకినా ఎక్కను."

బావ సాయానికి మా ఆయన వైపు తిరిగి, "పా తమ్ముడా, మనమన్నా పోయొద్దాం. మ్యాపు తియ్యి" అన్నాడు.

మా ఆయన ఫోను ఆపి జేబులో పెట్టుకున్నాడు. బూట్లు విప్పి, మేజోళ్లు మడిచి వాటిలో కుక్కి, ఇసుకలో కూర్చున్నాడు.

"నాకు దారి తెలీదన్నా" అన్నాడు.

పెళ్లైనప్పటి నుంచి నేను వాదించి గెలిచినవన్నీ ఆ ఒక్క మాట ముందు దిగదుడుపే. మ్యాపు లేకుండా బావ ఆ సొరంగాల రోడ్ల మీద ఎక్కడికీ పోలేడు. నిమ్మకాయలు పట్టుకుని ఒడ్డున అటూ ఇటూ తిరిగాడు. ఇటలీ వైపు చూశాడు. వాలుతున్న పొద్దు వైపు చూశాడు. కొండల వెనక్కి పొద్దు జారేదాకా అక్క కూర్చునే ఉంది. వేళ్లు ముడతలు పడ్డాయి, పెదవులు నీలమయ్యాయి. చివరికి నీళ్ల అంచున గొంతుక్కూర్చుని బావ అడిగాడు.

"సల్లగుండాయా?"

"దిగి సూడు."

దిగలేదు. కానీ ఆమె లేస్తానన్నప్పుడు మాత్రం ప్యాంటు మడవకుండానే మోకాళ్ల లోతుకు వచ్చి, ఆమె చంకల కింద చేతులు వేసి లేపాడు. లేపుతూనే, "అద్దె కారు మే, సీటు తడిస్తే వాళ్లు ఊరుకోరు. ఇప్పుడెట్ల?" అన్నాడు. ఆయన ఆయనే కదా మరి!

మాకు ఆరిన గుడ్డ ఒక్కటీ లేదు. తువ్వాళ్లన్నీ గదిలో ఉన్నాయి. నేను కారు వెనక చుట్టి ఉన్న ఫ్లెక్సీ తీశాను. బావ అడ్డం రాబోయి, అక్క చలికి వణకడం చూసి ఆగాడు. 'దిగ్విజయ' అన్న మాట సీటు మీదకు వచ్చేట్టు పరిచాను. అక్క దాని మీద కూర్చుంది. కాన్ దాకా కూర్చుంది. ఒళ్లంతా ఉప్పు, నీళ్లు కారుతున్నాయి. వెనక్కి వాలి నిద్రపోయింది. బావ దారంతా ఒక్క హారన్ కొట్టలేదు.

తర్వాత ఊరికొచ్చాం. అక్కకు ఆపరేషనయింది. కొట్టించిన ఫ్లెక్సీ ఊరకే పోతుందని బావ దాన్నే నాలుగు రోడ్ల దగ్గర, మంచు ఫ్లెక్సీ పక్కన కట్టించాడు. తుడిచినా పోలేదు, సరిగ్గా నడిమధ్య తెల్లగా ఉప్పు మరక, పెద్ద పీటంత. బంగారు అక్షరాలు దాని కింద మసకబారాయి. ఎవరైనా అడిగితే ప్రింటింగు లోపమని బావ చెబుతున్నాడట.

కట్టుతీసి, వాకరు పట్టుకుని నడవడం మొదలుపెట్టాక, నేను పోయిన రోజు అక్క నన్ను నాలుగు రోడ్ల దాకా తీసుకుపొమ్మంది. తలెత్తి ఫ్లెక్సీ చూసింది. బారెడు బావ ముఖం చూడలేదు. పోస్టు బిళ్లంత తన ముఖం చూడలేదు. వాకరు మీంచి ఒక చేయి తీసి, ఆ తెల్లటి మరకను చూపించింది.

"నేను కూసున్న జాగా మ్మే అది" అంది.